టక్ టక్ మంటున్న డ్రైవ్‌కి మొదటి వైద్యం స్విచ్ ఆపడమే

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో హార్డ్ డిస్క్ చప్పుళ్ల గురించినవే ఎక్కువ. మిగతా ప్రశ్నలను వచ్చే నెలకు ఉంచాను. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో 2006 నుంచి నేను చేస్తున్న పని ఇదే, పాడైన డ్రైవ్‌ల నుంచి ఫైళ్లు బయటికి తీయడం. ఈసారి చోటంతా దాదాపు మొదటి ఉత్తరానికే పోయింది. అలాంటి స్థితిలో ఉన్నవాళ్లకు ప్రతి గంటా లెక్కే కాబట్టి తగ్గించి రాయడానికి మనసొప్పలేదు.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది ఫొటో స్టూడియో. మాఘమాసంలో తీసిన రెండు పెళ్లిళ్లు, ఒక ఓణీల ఫంక్షన్ 2 టీబీ పోర్టబుల్ హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి. కాపీ అవుతుండగా మా అబ్బాయి కాలికి వైరు తగిలి డిస్క్ బల్ల మీంచి కింద పడింది. అప్పట్నుంచి ప్లగ్ పెడితే టక్... టక్... అని ఏడెనిమిదిసార్లు కొట్టుకుని ఆగిపోతోంది. ఒక్కసారి మాత్రం కంప్యూటర్‌లో డ్రైవ్ కనిపించి ‘ఫార్మాట్ చేయాలి’ అని అడిగింది. ఒక ఫ్రెండ్ కవర్‌లో చుట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టమంటున్నాడు. ఇక్కడి షాపు వాళ్లు మూత తీసి ‘హెడ్ సర్ది ఇస్తాం, మూడు వేలు’ అంటున్నారు. పెళ్లివాళ్లు ఆల్బం ఎప్పుడని రోజూ ఫోన్ చేస్తున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– స్టూడియో యజమాని, తణుకు

జవాబు: దయచేసి ఆ డ్రైవ్‌కి మళ్లీ ప్లగ్ పెట్టకండి. ‘ఈసారి వస్తుందేమో’ అని ఒక్కసారి కూడా వద్దు. వైరు తీసేసి, మెత్తటి గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేయండి. ‘ఏడెనిమిదిసార్లు’ అని లెక్క రాశారు. అంటే చాలాసార్లు పెట్టి విన్నారన్నమాట. ఉత్తరం చదువుతుంటే నాకు భయం వేసింది అక్కడే.

ఆ టక్ ఎక్కణ్నుంచి వస్తుందో తెలిస్తే ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో మీకే అర్థమవుతుంది. డ్రైవ్ లోపల అద్దంలా మెరిసే గుండ్రటి పళ్లేలుంటాయి. పోర్టబుల్ డ్రైవ్‌లలో ఎక్కువగా నిమిషానికి 5400 చుట్లు తిరుగుతాయి. అంటే సెకనుకు 90. పళ్లెం అంచు గంటకు 65 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుందన్నమాట. సన్నటి చేయి చివర హెడ్ అనే చిన్న ముక్క ఉంటుంది. అది పళ్లేన్ని తాకదు, గాలి పొర మీద తేలుతుంది. రెండిటి మధ్య ఎడం కొద్ది నానోమీటర్లే. తల వెంట్రుక మందాన్ని పదివేల భాగాలు చేస్తే ఇంచుమించు అందులో ఒక్క భాగం.

పవర్ రాగానే పళ్లేలు వేగం అందుకుంటాయి. అప్పుడు హెడ్‌లు తమ పార్కింగ్ చోటు నుంచి లోపలికి వచ్చి, ఫ్యాక్టరీలో పళ్లెం మీద రాసిపెట్టిన గుర్తుల కోసం వెతుకుతాయి. తామెక్కడున్నదీ హెడ్‌లకు తెలిసేది ఆ గుర్తులు చూసే. హెడ్ దెబ్బతింటే గుర్తులు కనపడవు. దారి దొరకని చేయి వెనక్కి వెళ్లి, ఆపు దగ్గర కొట్టుకుంటుంది. మీరు వింటున్న టక్ అదే. మళ్లీ వెతుకుతుంది, మళ్లీ కొట్టుకుంటుంది. చివరికి మోటారు ఆపేస్తుంది. ఈ చప్పుడుకి ఇంగ్లిష్‌లో ‘క్లిక్ ఆఫ్ డెత్’ అని పేరుంది. 1990ల చివర్లో ఐయోమెగా కంపెనీ జిప్ డ్రైవ్‌ల గొడవతో ఆ మాట అందరి నోళ్లలో పడింది. పేరు విని హడలిపోకండి. టక్ మన్నంత మాత్రాన పళ్లెం మీది ఫొటోలు పోయినట్టు కాదు, చాలాసార్లు చదివే హెడ్ పోయినట్టు. అసలు పోగొట్టేది ఆ తర్వాత మనం చేసే పనులే. వంగిన హెడ్ పళ్లెం మీద గీసుకుంటూ తిరిగితే, గీత పడిన చోట ఉన్నదాన్ని ప్రపంచంలో ఎవరూ వెనక్కి తేలేరు.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. 2007లో, ఈ పనిలో చేరిన రెండో ఏడు, జనగామ వైపు నుంచి ఒక రిటైర్డ్ మేష్టారు డెస్క్‌టాప్ డ్రైవ్ తెచ్చారు. చుట్టుపక్కల ఊళ్లన్నీ నాలుగేళ్లు తిరిగి, ముసలి ఆడవాళ్లు పాడే బతుకమ్మ పాటలు రికార్డు చేసుకున్నారు. అన్నీ అందులోనే ఉన్నాయి. అప్పుడప్పుడు టక్ మంటోంది కానీ కంప్యూటర్‌లో కనిపిస్తోంది. అప్పుడు నా దగ్గర ఉన్నదల్లా ఒక రికవరీ సాఫ్ట్‌వేర్. స్కానింగ్ పెట్టి, రాత్రంతా నడవనీ అనుకుని షట్టర్ దించి ఇంటికి వెళ్లిపోయాను. పొద్దున వచ్చేసరికి స్క్రీన్ కదలట్లేదు, డ్రైవ్‌లోంచి గరగర శబ్దం వస్తోంది. తర్వాత మూత తీశాం. పై పళ్లెం మీద బొటనవేలు వెడల్పున బూడిద రంగు చక్రం. మూత లోపలి వైపు కాటుకలాంటి నల్లటి పొడి. వేలు పెడితే అంటుకుంది. ఆ పొడి ఒకప్పుడు పాటలు. మేష్టారు ఒక్క మాటా అనలేదు, డ్రైవ్ జేబులో వేసుకుని బస్టాండ్‌కి వెళ్లిపోయారు. ఆ పాటలు పాడినవాళ్లలో చాలామంది అప్పటికే లేరు. టక్ మన్న డ్రైవ్‌ని ఆ రోజు నుంచీ నేను ఒక్క నిమిషం కూడా ఊరికే నడపనివ్వలేదు.

ఇక ఫ్రీజర్ సంగతి. ఎప్పుడో పాతకాలపు డ్రైవ్‌లలో బిగుసుకున్న భాగాలు చల్లదనానికి కాస్త సడలి కాసేపు పనిచేసిన సందర్భాలు ఉన్నాయి. ఆ మాట ఇప్పటికీ తిరుగుతోంది. మీకు దానితో పని లేదు. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసా మీద ఎలా చెమ్మ పడుతుందో చూశారు కదా. తణుకు గాలిలో ఆ చెమ్మ ఎంత త్వరగా పడుతుందో మీకే తెలుసు. అదే చెమ్మ పళ్లెం మీద పడితే, నానోమీటర్ల ఎత్తులో తేలే హెడ్‌కి ఒక్కో చుక్కా కొండే. ఫ్రీజర్ వద్దు. చేత్తో తట్టడం, ఊపడం, తలకిందులుగా పెట్టి చూడటం కూడా వద్దు.

‘హెడ్ సర్దడం’ అనే పని ఒకటి లేదండి. హెడ్‌ని సర్దరు, మారుస్తారు. అదే మోడల్, దగ్గర దగ్గర తయారీ తేదీలు, సరిపోయే ఫర్మ్‌వేర్ (డ్రైవ్‌ని నడిపే లోపలి ప్రోగ్రామ్) ఉన్న ఇంకో డ్రైవ్ వెతికి తెచ్చి, దాని హెడ్‌ల సెట్టు తీసి దీనికి అమరుస్తారు. దుమ్ము లేకుండా వడకట్టిన గాలి వీచే గదిలోనో పెట్టెలోనో చేయాలి. ఫ్యాను కింద, టేబుల్ మీద మూత తీసేవాళ్ల చేతికి మాత్రం ఇవ్వకండి. అంత కష్టపడి మార్చినా డ్రైవ్ కొత్తది అయిపోదు. ఫైళ్లు కాపీ తీసుకునేంతవరకు బతికితే చాలు. ‘డ్రైవ్ బాగవుతుందా?’ అని చాలామంది అడుగుతారు. డ్రైవ్‌ని వదిలేయండి, అందులో ఉన్నది బయటికి రావడమే మనకు కావాలి.

‘ఒక్కసారి కనిపించింది’ అన్నారు చూడండి, అది నాకు ఆశ కలిగించిన మాట. ఆ రోజుకి కనీసం కొన్ని హెడ్‌లు చదువుతున్నాయన్నమాట. ఫార్మాట్ అడిగినప్పుడు ‘క్యాన్సిల్’ కొట్టారనే అనుకుంటున్నాను. పొరపాటున ‘ఓకే’ నొక్కి ఉంటే, డ్రైవ్‌ల నుంచి ఫైళ్లు తీసే ల్యాబ్ వాళ్ల దగ్గర దాచకండి. దాన్నిబట్టి వాళ్లు పని మార్చుకుంటారు.

అయితే ల్యాబ్‌కి పరుగెత్తే ముందు ఇంట్లోనే ఒక పూట కూర్చుని వెతకండి. స్టూడియోల వాళ్లకు నేను ఎప్పుడూ మొదట అడిగేది ఇదే: ఆ ఫంక్షన్లకు వాడిన మెమరీ కార్డులు ఎక్కడున్నాయి? కెమెరాలో ఫార్మాట్ కొట్టినా ఫొటోలు సాధారణంగా వెంటనే చెరిగిపోవు, మళ్లీ తీసినవి వాటి మీద పడేదాకా కార్డులోనే ఉంటాయి. ఆ కార్డులన్నీ కెమెరాల నుంచి ఇవాళే తీసి పక్కన పెట్టండి. ఒక్క క్లిక్ కూడా కొత్తగా తీయొద్దు. ఫొటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కార్డు నుంచి వెనక్కి తీయొచ్చు. తీసినవి అదే కార్డులో కాకుండా కంప్యూటర్‌లో పెట్టుకోవాలి. ఫైళ్ల పేర్లు పోతాయి, ఫొటోలు దక్కుతాయి. వీడియోలు ముక్కలై రావచ్చు, ఆ మాట ముందే చెబుతున్నాను.

తర్వాత, సెలెక్షన్ కోసం పెళ్లివాళ్లకిచ్చిన పెన్‌డ్రైవ్ ఉంటుంది. పూర్తి సైజువి కాకపోయినా ఆల్బంకి పనికొచ్చేవి ఉండొచ్చు. కరిజ్మా ఆల్బం డిజైన్‌కి పంపి ఉంటే డిజైనర్ కంప్యూటర్‌లో అసలు జేపెగ్‌లే ఉండొచ్చు. రెండో కెమెరామన్‌ని, డ్రోన్ వేసిన కుర్రాణ్ని, ఎల్‌ఈడీ స్క్రీన్ పెట్టినవాళ్లను కూడా అడగండి. కిందటేడు నర్సరావుపేట నుంచి వచ్చిన స్టూడియో ఆయనకు ఇలాగే నాలుగు చోట్ల నుంచి కలిపితే తలంబ్రాల ఘట్టం తప్ప పెళ్లంతా దొరికింది. ఆ ఒక్క ఘట్టం కోసం డ్రైవ్ తెరవాలా వద్దా అని పెళ్లివాళ్లే కూర్చుని మాట్లాడుకున్నారు. అమ్మాయి వాళ్ల నాన్నగారు ‘తెరవండి, ఖర్చు సగం నాది’ అన్నారు.

ల్యాబ్‌కి ఇవ్వాల్సి వస్తే ఈ సంగతులు తేల్చుకున్నాకే ఇవ్వండి. చూసి చెప్పడానికి ఎంత తీసుకుంటారు? మూత తీసే ముందు మీకు చెప్పి, ఒప్పుకున్నాకే తీస్తారా? హెడ్‌ల కోసం కొనే రెండో డ్రైవ్ ఖరీదు బిల్లులో ఉందా, విడిగానా? ఫైళ్లు రాకపోతే ఎంత కట్టాలి? డబ్బు కట్టేముందు వచ్చిన ఫైళ్ల జాబితా చూపిస్తారా? రసీదులో డ్రైవ్ సీరియల్ నంబర్ రాయించుకోండి. మూత తెరవకుండా అయ్యే పనులు వేలల్లో తేలతాయి, తెరవాల్సి వస్తే పదుల వేలల్లోకి వెళ్లొచ్చు. డ్రైవ్ చూడకుండా ఫోన్‌లోనే ‘నూరు శాతం వస్తుంది’ అన్నవాళ్లను నేనైతే నమ్మను. వారంటీ వర్తిస్తే కంపెనీ బదులు డ్రైవ్ ఇస్తుంది కానీ సాధారణంగా ఫొటోల బాధ్యత తీసుకోదు. పాతది తిరిగి రాదు కూడా. ఫొటోలు చేతికి వచ్చేదాకా వారంటీకి పంపకండి.

కొరియర్‌లో కన్నా మీరే తెచ్చి ఇవ్వడం మేలు. రైల్లో వస్తే ఒళ్లో పెట్టుకోండి, పై బెర్తు మీద వద్దు. దానితో వచ్చిన యూఎస్‌బీ వైరు, డబ్బా ఉంటే అవి కూడా తెండి.

పెళ్లివాళ్లకు సంగతి ఇవాళే చెప్పేయండి. నెల తర్వాత తెలిసేదానికన్నా ఇప్పుడు తెలిస్తేనే వాళ్లు పెన్‌డ్రైవ్‌లు, చుట్టాల ఫోన్లలోని వీడియోలు వెతికి ఇస్తారు. ఇంకో మాట, అబ్బాయిని కోప్పడకండి. కాపీ అవుతున్న డ్రైవ్ వైరు నడిచే దారిలో ఉండటం స్టూడియో అమరికలో లోపం, వాడి తప్పు కాదు.

ప్రశ్న: అక్కా, నేను డిగ్రీ ఫైనలియర్. నాకు ఒక పాత డెస్క్‌టాప్ ఉంది, 1 టీబీ హార్డ్ డిస్క్. అప్పుడప్పుడు ‘టక్’ మని కంప్యూటర్ రెండు క్షణాలు బిగుసుకుపోతుంది, తర్వాత మామూలే. ఎక్కువగా పొద్దున, సాయంత్రం ఇలా అవుతోంది. ఇంటి వెనకాల బోరు మోటార్ వేసే టైం అది. ప్రాజెక్టు మొత్తం అందులోనే ఉంది. డిస్క్ పోయినట్టేనా?
– విద్యార్థి, కరీంనగర్

జవాబు: తమ్ముడూ, నీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. చప్పుడు ఎప్పుడు వస్తోందో ఇంత శ్రద్ధగా గమనించినందుకు మెచ్చుకోవాలి. బోరు మోటార్ స్టార్ట్ అయ్యే క్షణంలో వోల్టేజీ కుంగుతుంది. కంప్యూటర్‌కి కరెంటు అందించే పెట్టె, అంటే ఎస్‌ఎంపీఎస్, మంచిదైతే ఆ కుంగుడుని తట్టుకుంటుంది. పాతబడితే డ్రైవ్‌కి వెళ్లే 12 వోల్టులు తగ్గిపోతాయి. కరెంటు పోతోందని డ్రైవ్ భయపడి హెడ్‌లను ఒక్కసారిగా పార్కింగ్‌లోకి లాగేస్తుంది. ఆ లాగుడు చప్పుడే నువ్వు విన్న టక్ అయ్యుండొచ్చు. అంటే నీ డ్రైవ్ బాగానే ఉండే అవకాశం ఉంది. కానీ రోజుకి రెండుసార్లు ఇలాగే లాగుతూ పోతే ఎంత మంచి డ్రైవైనా చెడుతుంది.

ముందు ప్రాజెక్టుని ఈ క్షణమే పెన్‌డ్రైవ్‌లోకి, ఇంకో కాపీ నీ మెయిల్‌లోకో క్లౌడ్‌లోకో పంపు. పత్రిక పక్కన పెట్టి ఆ పని చేసొచ్చి మిగతాది చదువు.

ఇప్పుడు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి తెరువు. డ్రైవ్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే పట్టీ అది. నాలుగు వరుసలు చూస్తే చాలు. 05 అంటే ఇప్పటికే చెడిపోయి, బదులు చోటుకి మార్చిన సెక్టార్లు, అంటే డేటా రాసే చిన్న గడులు. సీ5 అంటే చదవలేక అనుమానంలో పెట్టినవి. సీ6 అంటే ఎంత చేసినా చదవలేకపోయినవి. సీ7 అంటే డ్రైవ్‌కీ మదర్‌బోర్డుకీ మధ్య కేబుల్లో వచ్చిన పొరపాట్లు. చివరి గడిలోని ‘రా’ విలువలు మామూలుగా హెక్సాడెసిమల్‌లో (పదికి బదులు పదహారుతో లెక్కించే పద్ధతిలో) కనిపిస్తాయి, ‘10’ అని ఉంటే 16 అని చదువుకోవాలి. అక్కడ చాలామంది పొరబడతారు.

సీ7 ఒక్కటే పెరుగుతుంటే ఆ కేబుల్ (సాటా కేబుల్ అంటారు) మార్చు, వంద రూపాయల పని. కేబుల్ మార్చినా పాత అంకె తగ్గదు, అక్కడే నిలిచిందా లేదా అన్నదే చూడాలి. తర్వాత డ్రైవ్‌కి పవర్ ఇచ్చే వైరు మధ్యలో స్ప్లిటర్ (ఒక వైరుని రెండుగా చీల్చే ముక్క) ఉంటే తీసేసి, ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే వేరే పిన్ను నేరుగా పెట్టు. ఫ్రెండ్ దగ్గర మంచి ఎస్‌ఎంపీఎస్ ఉంటే రెండు రోజులు అడిగి తెచ్చుకో. ఒకసారికి ఒక్కటే మార్చు, లేకపోతే దేనివల్ల బాగైందో తెలియదు. యూపీఎస్ ఉంటే దాని బ్యాటరీ పనిచేస్తోందో లేదో కూడా చూడు. యూపీఎస్ ఉందన్న ధీమాతో చచ్చిన బ్యాటరీ మీద ఏళ్ల తరబడి నడిపేవాళ్లని చాలామందిని చూశాను.

ఒకవేళ 05, సీ5, సీ6 సున్నా కాకుండా ఉండి, రోజురోజుకీ పెరుగుతుంటే సమస్య డ్రైవ్‌లోనే ఉన్నట్టు. అప్పుడు విండోస్‌లోని సీహెచ్‌కే డిస్క్ అనే కమాండ్ మాత్రం నడపొద్దు. ఫైళ్ల అమరికని సరిచేయబోయి, నీరసించిన డ్రైవ్‌తో గంటల కొద్దీ చాకిరీ చేయిస్తుంది, పైగా దాని మీద రాస్తుంది. ముఖ్యమైన ఫైళ్లు కాపీ అయ్యాక, మొత్తం డిస్క్‌కి నకలు తీయాలంటే విండోస్ బదులు లైనక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి డీడీరెస్క్యూ అనే సాఫ్ట్‌వేర్ వాడాలి. అది ముందు సులువుగా వచ్చేవన్నీ తీసుకుంటుంది, మొరాయించే చోట్లను చివరికి ఉంచుకుంటుంది. ఎక్కడిదాకా తీసిందో మ్యాప్ ఫైల్లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టొచ్చు. నకలు పట్టే డిస్క్ 1 టీబీకి తగ్గకూడదు. ఏది అసలు, ఏది నకలు అన్నది రెండుసార్లు చూసుకుని ఎంటర్ కొట్టు. తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి నీ డిస్క్ మీద కూర్చుంటుంది.

ఇదంతా టక్ అప్పుడప్పుడే వస్తూ, డ్రైవ్ సజావుగా తెరుచుకుంటున్నంతవరకే. వరసగా కొట్టుకోవడం మొదలైతే పైన తణుకు వారికి చెప్పిందే నీకూ.

ప్రశ్న: అమ్మా, నాకు 68 ఏళ్లు. మా అమ్మాయి డల్లాస్ నుంచి వచ్చినప్పుడు పెద్ద ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ తెచ్చి ఇచ్చింది. పాత క్యాసెట్లన్నీ అందులోకి ఎక్కించుకున్నాను. మొన్న దాని అడాప్టర్ కనపడక, పిన్ను సరిపోయింది కదా అని లాప్‌టాప్ అడాప్టర్ పెట్టాను. సన్నగా వాసన వచ్చింది. ఇప్పుడు చప్పుడూ లేదు, దీపమూ వెలగదు. అక్కడి వస్తువు ఇక్కడి కరెంటుకి పడలేదా?
– గుంటూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: బాబాయ్ గారూ, కరెంటు తేడా వల్ల కాదు. దానితో వచ్చిన అడాప్టర్లు సాధారణంగా 100 నుంచి 240 వోల్టుల దాకా ఎక్కడైనా పనిచేస్తాయి. మీ పెద్ద డ్రైవ్‌కి 12 వోల్టులు కావాలి. లాప్‌టాప్ అడాప్టర్ ఎక్కువగా 19 వోల్టులు ఇస్తుంది. పిన్ను ఒకటే సైజు కావడం వల్ల ఈ పొరపాటు చాలా ఇళ్లలో జరుగుతోంది.

మీరు టక్ టక్ రాయకపోవడం నాకు ధైర్యాన్నిచ్చింది. కొట్టుకునే డ్రైవ్ కన్నా ఇలా మౌనంగా ఉన్నదానికే ఆశ ఎక్కువ. తిరగలేదు కాబట్టి పళ్లేలకు దెబ్బ తగిలి ఉండదు. చాలాసార్లు బయటి డబ్బాలోని చిన్న బోర్డు ఒక్కటే కాలి, లోపలి డ్రైవ్ క్షేమంగా ఉంటుంది. డ్రైవ్ దాకా వెళ్లినా, దాని బోర్డు మీద ఇలాంటి ఎక్కువ వోల్టేజీని తన మీద వేసుకుని షార్ట్ అయ్యే చిన్న డయోడ్ ఉంటుంది. తెలిసిన టెక్నీషియన్ మీటర్ పెట్టి చూస్తే అయిదు నిమిషాల్లో తెలుస్తుంది.

రెండు జాగ్రత్తలు మాత్రం తీసుకోండి. ఆ డబ్బా పారేయకండి. కొన్ని కంపెనీల డబ్బాల్లోని బోర్డు డేటాని తాళం వేసినట్టు మార్చి రాస్తుంది. డ్రైవ్‌ని విడిగా పెడితే ఖాళీగానో అర్థంకాని రాతగానో కనిపిస్తుంది, అప్పుడు ఆ కాలిన బోర్డే అవసరపడుతుంది. రెండోది, ఎవరైనా ‘అదే మోడల్ బోర్డు ఆన్‌లైన్‌లో తెప్పించి వేస్తే సరి’ అంటే ఒప్పుకోకండి. ఒక్కో డ్రైవ్‌కి దాని హెడ్‌లకు సరిపోయే సొంత లెక్కలు బోర్డు మీది చిప్‌లో ఉంటాయి. ఆ చిప్‌ని కూడా పాతదాని నుంచి కొత్తదానికి మార్చాలి. మార్చకుండా బోర్డు ఒక్కటే వేస్తే, మౌనంగా ఉన్న మీ డ్రైవ్ టక్ టక్ మనడం మొదలుపెట్టొచ్చు.

క్యాసెట్లు ఇంకా ఉంటే వాటిని మాత్రం ఎవరికీ ఇవ్వకండి. అట్టపెట్టెలో, గోడ చెమ్మ తగలని చోట పెట్టండి.

ప్రశ్న: ఈ చప్పుళ్ల బాధ పడలేక తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ డ్రైవ్‌కి మారిపోయాను. ఇక నిశ్చింతే కదా?
– ఉపాధ్యాయిని, ఖమ్మం

జవాబు: మంచి పని చేశారండి, వేగమూ పెరుగుతుంది, కింద పడినా తట్టుకుంటుంది. కాపీ మాత్రం ఇంకోటి ఉండాల్సిందే. తిరిగే డ్రైవ్ చాలాసార్లు పోయేముందు చప్పుడు చేసి చెబుతుంది. ఎస్‌ఎస్‌డీ నిన్న రాత్రి బాగానే ఉండి పొద్దున కనపడకపోవచ్చు. అందులో చెరిపేసిన ఫైళ్లను వెనక్కి తీయడం కూడా చాలా కష్టం, ఖాళీ అయిన చోటును అది తనంతట తానే శుభ్రం చేసుకుంటుంది. ఫొటోలు వేసి ఏళ్ల తరబడి బీరువాలో పెట్టడానికి ఎస్‌ఎస్‌డీని వాడకండి. కరెంటు తగలకుండా చాలాకాలం ఉంటే అందులో నిలవున్న చార్జ్ మెల్లగా తగ్గిపోతుంది. బీరువాలో పెట్టేదానికి మామూలు హార్డ్ డిస్కే నయం, దాన్ని కూడా ఆరు నెలలకోసారి తీసి తెరుచుకుంటోందా లేదా చూసుకోండి. నేనైతే ఉగాదికీ దసరాకీ చూస్తాను, తేదీ గుర్తుంచుకునే పని లేదు.

ప్రశ్న: టక్ టక్ మని ఆగిపోయిన పాత డ్రైవ్ ఒకటి ఇంట్లో ఉంది. అందులోవి ఇంకోచోట ఉన్నాయి కాబట్టి అక్కర్లేదు. బ్యాంకు కాగితాలు, ఆధార్ కాపీలు అందులో ఉన్నాయి. తుక్కువాడికి వేసేయొచ్చా?
– రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, రాజమహేంద్రవరం

జవాబు: అలాగే వేసేయకండి. హెడ్ పోయినా పళ్లేల మీద రాసింది అలాగే ఉంటుంది. డ్రైవ్ తెరుచుకోదు కాబట్టి మీరు చెరిపేయలేరు, కానీ హెడ్ మార్చగలిగినవాడు చదవగలడు. దగ్గర్లోని వెల్డింగ్ షాపుకో వడ్రంగి దగ్గరికో తీసుకెళ్లి, పళ్లేలన్నిటి గుండా దిగేలా నాలుగైదు చోట్ల డ్రిల్ చేయించండి. లాప్‌టాప్ డ్రైవ్ అయితే పళ్లేలు గాజువి అయ్యుండొచ్చు, సుత్తితో కొడితే పెంకులై కళ్లలోకి ఎగురుతాయి. మందపాటి గుడ్డలో చుట్టి, కళ్లజోడు పెట్టుకుని చేయమనండి. తర్వాత ఈ-వేస్ట్ తీసుకునే అధీకృత కేంద్రానికి ఇవ్వండి.

మూత తీయిస్తే చేయి కదిలే మూల రెండు వెండి రంగు అయస్కాంతాలు కనిపిస్తాయి. చూడటానికి చిన్నవే గానీ వేలు మధ్యలో పడితే కమిలిపోతుంది. నా బల్ల పక్క ఇనుప రేకుకి ఇలాంటివి పదకొండు అంటించి పెట్టుకున్నాను, ఊడదీసిన స్క్రూలు కింద పడకుండా పట్టుకుంటాయి. మీరూ ఉంచుకోవచ్చు. ఇంట్లో చిన్నపిల్లలుంటే మాత్రం వద్దు, అవి మింగితే ప్రాణం మీదికి వస్తుంది.